దిగే దారి తెలిశాకే ఎక్కాలి

మౌంట్ రేనియర్ చుట్టూ 150 కిలోమీటర్ల ప్రదక్షిణ. కాళ్ల కన్నా ముందు కాగితం మీద నడవాల్సిన దారి.

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినవాళ్లు రాత్రంతా నడిచి తెల్లారేసరికి మళ్లీ కొండ కిందికి చేరతారు. దారి పొడవునా మజ్జిగ పోసేవాళ్లు, పులిహోర పెట్టేవాళ్లు ఉంటారు. కాళ్లు మొరాయిస్తే ఆటో ఎక్కేయొచ్చు. అదే ప్రదక్షిణ 150 కిలోమీటర్లయితే? మధ్యలో ఒక్క ఊరు, ఒక్క టీ కొట్టు కూడా లేకపోతే? తినేదీ, పడుకునేదీ, తడిస్తే మార్చుకునేదీ అంతా వీపు మీదే మోయాల్సి వస్తే?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని వండర్‌ల్యాండ్ ట్రెయిల్ అలాంటిది. పొడవు 93 మైళ్లు. 1915లో పూర్తయిన ఈ కాలిబాట మౌంట్ రేనియర్ శిఖరం ఎక్కదు. 4,392 మీటర్ల ఆ శిఖరాన్ని మధ్యలో పెట్టుకుని చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికే తెచ్చి వదులుతుంది. మామూలు నడకకు ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఆకాశం తేటగా ఉన్న రోజు సియాటెల్ నుంచి, బెల్‌వ్యూ నుంచి కొండ కళ్లెదురుగా కనిపిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవిలో కారేసుకుని కొండ మీది ప్యారడైజ్ అనే చోటి దాకా వెళ్లడం, మంచులో ఫొటోలు దిగడం, చీకటి పడేలోగా ఇంటికి రావడం మామూలే. ఆ ఫొటోలో వెనక నిలబడ్డ కొండను ఒకసారి చుట్టి రావాలన్న కోరిక కొందరికి అక్కడే పుడుతుంది.

ఆ కొండ పేరులో మన తీరం సంగతి ఒకటుంది. 1792లో నావికుడు జార్జ్ వాంకోవర్ తన స్నేహితుడు పీటర్ రేనియర్ పేరును దానికి పెట్టాడు. స్థానిక తెగలు అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ దాన్ని టహోమా అని పిలుచుకుంటున్నాయి. పేరు దక్కిన రేనియర్ మాత్రం ఆ కొండను కంటితో చూసిందే లేదు. ఆయన యుద్ధం చేసింది ఇటు, బంగాళాఖాతంలో. 1782లో సద్రాస్, నాగపట్నం దగ్గర ఫ్రెంచి ఓడలతో జరిగిన పోరాటాల్లో ఆయన బర్‌ఫర్డ్ అనే ఓడకు కెప్టెన్. ఆ తర్వాత 1794 నుంచి 1805 దాకా మద్రాసు కేంద్రంగా ఈ వైపు సముద్రాల్లో బ్రిటిష్ నౌకాదళానికి అధిపతి. మద్రాసు రేవు ఎరిగిన మనిషి పేరుతో అమెరికా మంచుకొండ, దాని చుట్టూ ఇప్పుడు తెలుగువాళ్ల ప్రదక్షిణ. చరిత్రకు ఇలాంటి సరదాలు ఉంటాయి.

మైళ్ల లెక్క అబద్ధం చెబుతుంది

మనవాళ్లు ప్లాన్ వేయడంలో దిట్టలు. వాట్సాప్ గ్రూపు పెట్టిన గంటలో ఎక్సెల్ షీటు తయారవుతుంది. 93 మైళ్లు భాగించు తొమ్మిది రోజులు, రోజుకు పది మైళ్ల పైచిలుకు. ఊళ్లో పార్కు చుట్టూ రోజూ ఐదు మైళ్లు నడుస్తున్నాం కదా, దానికి రెట్టింపు అంతేగా అనిపిస్తుంది. తప్పటడుగు అక్కడే పడుతుంది.

రేనియర్ మీద పాతికకు పైగా పెద్ద గ్లేసియర్లు ఉన్నాయి. శిఖరం నుంచి అన్ని దిక్కులకూ జారుతూ ఒక్కోటి ఒక్కో లోతైన లోయను తొలిచింది. లోయకూ లోయకూ మధ్య ఎత్తైన గట్టు మిగిలింది. కొండను చుట్టాలంటే ఈ లోయలన్నింటిలోకీ దిగాలి, ఈ గట్లన్నీ ఎక్కాలి. దారిలో అతి ఎత్తైన చోటు ప్యాన్‌హ్యాండిల్ గ్యాప్, 6,800 అడుగులకు కాస్త అటూఇటూ. అంతేనా అనిపిస్తుంది. కానీ చుట్టు పూర్తయ్యేసరికి ఎక్కిన ఎత్తంతా కలిపితే దాదాపు 22,000 అడుగులు. దిగేది కూడా అంతే. మోకాళ్లను అడిగితే ఎక్కడం కన్నా ఆ దిగడమే ఎక్కువంటాయి.

ఒక్క రోజు తీసుకుని చూద్దాం. కొండకు పడమటి వైపు గోల్డెన్ లేక్స్ అని ఒక క్యాంపు ఉంది. సముద్రమట్టానికి సుమారు 5,100 అడుగులు. అక్కడి నుంచి మోవిచ్ లేక్ క్యాంపు పది మైళ్ల దూరం, ఎత్తు 4,900 అడుగులు. షీటులో చూస్తే రెండూ ఒకే మట్టం, హాయిగా చదునైన దారి అన్నట్టు ఉంటుంది. నడిస్తే తెలుస్తుంది. గోల్డెన్ లేక్స్ దాటాక మెలికలు తిరిగే దారి సౌత్ మోవిచ్ నది ఒడ్డు దాకా దింపుతుంది, సుమారు 2,500 అడుగులు. అడవి దట్టం, కింద గాలి ఆడదు. నదిలో దుంగల వంతెన దాటాక, దిగినంతా మళ్లీ ఎక్కిస్తుంది. సాయంత్రానికి మీరు పొద్దున ఉన్న ఎత్తులోనే ఉంటారు, తొడలు మాత్రం మీ మాట వినవు. షీటులో మైళ్ల గడి పక్కన ఎక్కుడు గడి, దిగుడు గడి విడివిడిగా పెట్టుకుంటేనే ఆ రోజు నిజస్వరూపం కనిపిస్తుంది. బరువు మూటతో 3,000 అడుగులు ఎక్కే రోజు ఎనిమిది మైళ్లు చాలు.

దీనికి ఎదురు ఉదాహరణ తూర్పు వైపు సమ్మర్‌ల్యాండ్ నుంచి ఇండియన్ బార్ దాకా ఉన్న ముక్క. ఐదు మైళ్లు కూడా ఉండదు. ప్యాన్‌హ్యాండిల్ గ్యాప్ ఉన్నది ఇక్కడే. చెట్లు అయిపోతాయి, రాళ్లు, వాటి మధ్య జులై దాటినా కరగని మంచు పలకలు. ఎండ కాసిన రోజు ఈ దారికి మించిన అందం చుట్టులో ఇంకెక్కడా లేదని నా అభిప్రాయం. అడవి మేకలు మందలుగా కనిపించేదీ ఈ వైపే. మబ్బు కమ్మితే మాత్రం ముందున్న మనిషి కనిపించడు, తల దాచుకోవడానికి ఒక్క చెట్టు ఉండదు. ఈ చిన్న ముక్కకు పొద్దున్నే బయల్దేరేలా, రోజంతా దానికే వదిలేసేలా రాసుకోవడం ఉత్తమం.

ఏ నెలలో అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. ప్యారడైజ్‌లో 1971-72 శీతాకాలంలో 1,122 అంగుళాల మంచు కురిసింది. పాతికేళ్లకు పైగా అదే ప్రపంచ రికార్డు. ఏటా అంత కురవకపోయినా, కురిసింది కరగడానికి జులై గడవాలి. జులై చివరి నుంచి సెప్టెంబర్ సగం దాకా, అంతే సమయం. ఆగస్టు మొదట్లో పచ్చికబయళ్ల నిండా పూలుంటాయి, దోమలూ ఉంటాయి. సెప్టెంబర్‌లో దోమలు పోతాయి, పగలూ తగ్గుతుంది.

నడక కన్నా కష్టం పర్మిట్

ఈ అడవిలో ఎక్కడ చీకటి పడితే అక్కడ టెంటు వేస్తామంటే కుదరదు. చుట్టు పొడవునా పద్దెనిమిది క్యాంపులు ఉన్నాయి, ఒక్కోదాంట్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చోట్లు. ఏ రాత్రి ఏ క్యాంపులో ఉంటారో పర్మిట్‌లో రాసి ఉంటుంది. ఆ రాత్రి అక్కడే ఉండాలి.

ముందస్తు లాటరీకి దరఖాస్తులు శీతాకాలం చివర్లో, రిక్రియేషన్ డాట్ గవ్ అనే సర్కారీ వెబ్‌సైట్‌లో తీసుకుంటారు. లాటరీ తగిలితే పర్మిట్ వచ్చేసినట్టు కాదు. మీకు ఒక తేదీ, ఒక సమయం ఇస్తారు. ఆ సమయానికి కూర్చుని, మిగిలిన క్యాంపుల్లోంచి ఒక్కో రాత్రికి ఒక్కోటి ఏరుకోవాలి. ఏప్రిల్ చివర్లో మిగిలినవి అందరికీ తెరుస్తారు. కొన్ని చోట్లు మాత్రం ముందు అమ్మకుండా అట్టేపెట్టి, నడక మొదలెట్టే రోజు గానీ దాని ముందురోజు గానీ రేంజర్ ఆఫీసుకు స్వయంగా వెళ్లినవాళ్లకు ఇస్తారు. సియాటెల్‌లో ఉండేవాళ్లకు ఈ చివరి దారి పెద్ద వరం. సెలవు తేదీలు రెండు మూడు రోజులు అటూఇటూ జరపగలిగితే చాలు. హైదరాబాద్ నుంచి టికెట్ కొనుక్కుని వెళ్లేవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

ఇక్కడ మనవాళ్లకు అడ్డుపడే నిబంధన ఇంకోటి. మామూలు చోటులో ఐదుగురి దాకానే. ఆరుగురు అయ్యారా, పెద్ద గుంపుల చోటు కావాలి. అవి అన్ని క్యాంపుల్లోనూ లేవు, ఉన్నచోట కూడా ఒకటో రెండో. పన్నెండు మందికి మించితే అసలు లేదు. మన ట్రిప్పులు నలుగురితో మొదలై, తోడల్లుడూ రూమ్మేటూ వాడి తమ్ముడూ కలిసి పదకొండు మందితో తేలతాయి. ఈ నడకకు నలుగురు మంచి సంఖ్య. ఒకరికి కాలు బెణికితే ఒకరు దగ్గరుంటారు, ఇద్దరు సాయానికి వెళ్తారు. ఆరో మనిషిని కాదనడానికి మొహమాటపడితే, ఆ మొహమాటం ఖరీదు అందరి పర్మిట్.

వంతెన మూసేశాక

చుట్టు దారికి ఒక గుణం ఉంది. ఒకే దారిన వెళ్లి వచ్చేటప్పుడు, ఎక్కడ అలిసిపోతే అక్కడ వెనక్కి తిరగొచ్చు. చుట్టులో సగానికి చేరాక వెనక్కి వెళ్లినా, ముందుకు వెళ్లినా దూరం ఒకటే. అందుకే వేయాల్సిన మొదటి ప్రశ్న ‘రోజుకు ఎంత నడుద్దాం’ కాదు, ‘ఎక్కడెక్కడ బయటపడొచ్చు’.

మ్యాపు పరిచి, కాలిబాట కారు రోడ్డును తాకే చోట్లన్నీ ఎర్ర పెన్నుతో చుట్టండి. దక్షిణాన లాంగ్‌మైర్. అక్కడి నుంచి తూర్పుకు రిఫ్లెక్షన్ లేక్స్, బాక్స్ కాన్యన్. పైకి వెళ్తే ఫ్రైయింగ్‌ప్యాన్ క్రీక్, వైట్ రివర్, సన్‌రైజ్. తూర్పు, దక్షిణ వైపులు ఎర్రగా కనిపిస్తాయి. పడమర, ఉత్తరం దాదాపు ఖాళీ. పడమట వెస్ట్‌సైడ్ రోడ్ ఉంది గానీ, గ్లేసియర్ కింది నుంచి ఉన్నట్టుండి విరుచుకుపడే బురద వరదల దెబ్బకు ఎన్నో ఏళ్లుగా కార్లను కొద్ది దూరంలోనే ఆపేస్తున్నారు. వాయవ్యాన మోవిచ్ లేక్ ఒక్కటే ఆధారంగా ఉండేది. నడిచేవాళ్లు ముందే కారులో వెళ్లి తిండి డబ్బాలు అక్కడ దింపుకునేవాళ్లు, ఓపిక చచ్చినవాళ్లు అక్కడే విరమించేవాళ్లు. 2025 ఏప్రిల్‌లో, ఆ వైపు వెళ్లే రోడ్డు మీదున్న కార్బన్ రివర్ ఫెయిర్‌ఫాక్స్ వంతెనను ప్రభుత్వం శాశ్వతంగా మూసేసింది. 1921 నాటి ఇనప వంతెన అది, తుప్పు తినేసింది. పార్కు బయట ఎక్కడో ఉన్న ఒక్క వంతెన పోవడంతో మొత్తం చుట్టు లెక్క మారిపోయింది.

పాత గైడు పుస్తకం పట్టుకుని బయల్దేరితే చిక్కుపడేది ఇక్కడే. లాంగ్‌మైర్ నుంచి సవ్యదిశలో బయల్దేరినవాళ్లు సన్‌రైజ్ చేరేదాకా, అంటే 50 మైళ్లకు పైగా, కారు చేరే చోటు లేదనే అనుకోవాలి. అయిదారు రోజుల తిండి ఒకేసారి భుజానికెత్తుకోవాలి. చుట్టులో అతి కఠినమైన ఎక్కుళ్లు కూడా ఆ వైపే. మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా మరోలా ఉంటుంది. సన్‌రైజ్ నుంచో వైట్ రివర్ నుంచో మొదలుపెట్టి తూర్పు, దక్షిణాలు ముందు నడవండి. మూడు నాలుగు రోజుల్లో లాంగ్‌మైర్ వస్తుంది. అక్కడ దాచుకున్న డబ్బా తీసుకుని, ఒళ్లు ఎలా ఉందో చూసుకుని, అప్పుడు పడమర సంగతి తేల్చుకోండి. మడమలు పుళ్లు పడ్డాయా, అక్కడితో కారెక్కేయండి. సగం చుట్టు కూడా చిన్న విషయం కాదు.

కందిపప్పు ఉడకదు

తిండి దగ్గర మనకు ఉన్న అనుకూలం అక్కడివాళ్లకు లేదు. ప్యాకెట్ చింపి వేడినీళ్లు పోసుకునే ఖరీదైన భోజనాలు అక్కడి దుకాణాల్లో వరుసగా ఉంటాయి. మన వంటింట్లో అంతకన్నా మంచివి ఎప్పటి నుంచో ఉన్నాయి. లెక్క ఒక్కటే చూడాలి: వంద గ్రాములకు ఎన్ని కేలరీలు? రోజంతా ఎక్కి దిగే మనిషికి 3,000 దాకా కావాలి. వాటిని 800 గ్రాముల్లో ఇమిడ్చాలి. వంద గ్రాముల పల్లీల్లో దాదాపు 570 కేలరీలు, నెయ్యిలో 900కు దగ్గర, బియ్యంలో 360. అంటే పల్లీపొడి, నువ్వులుండలు, సున్నుండలు, చిన్న సీసాలో నెయ్యి, ఇవన్నీ బరువుకు తగ్గ తిండి. మరమరాలు, చిప్స్ తేలికే కానీ సంచిలో చోటు మింగేస్తాయి. ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో మోసుకెళ్లేవాళ్లకు ఆ చోటే బంగారం.

కందిపప్పు దగ్గర మాత్రం జాగ్రత్త. 1,700 మీటర్ల ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మంట ఎంత పెంచినా గిన్నె అంతకన్నా వేడెక్కదు, పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది, గ్యాస్ అయిపోతుంది. ఇంట్లోనే ముద్దపప్పు చేసి, పళ్లెంలో పల్చగా పరిచి, అవెన్‌లో సన్న సెగ మీద పెళుసుగా ఎండబెట్టి పొడి కొట్టుకెళ్తే, మరిగిన నీళ్లు పోసి మూత పెట్టిన పది నిమిషాల్లో పప్పు తయారు. అటుకులకు అదీ అక్కర్లేదు. వేయించిన రవ్వలో తాలింపు, జీడిపప్పు కలిపి పొట్లాలు కట్టుకుంటే పొద్దుటి ఉప్మాకు ఢోకా లేదు. చింతపండు గుజ్జును నూనెలో దగ్గరగా మగ్గించిన పులిహోర ముద్ద ఒక్కటుంటే అలసిన నాలుక లేచి కూర్చుంటుంది.

గోంగూర పచ్చడి సీసా ఇంట్లో వదిలేయండి. కారితే ఆ నూనె వాసన స్లీపింగ్ బ్యాగును వదలదు. ఈ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, వాటి ముక్కు మన ముక్కులాంటిది కాదు. ప్రతి క్యాంపులోనూ ఎత్తైన ఇనప స్తంభం పాతి, పైన కొక్కేలు పెట్టారు. పక్కనే ఒక పొడవాటి ఇనప గడ ఉంటుంది. తిండి సంచిని దాని కొసకు తగిలించి, రెండు చేతులతో పైకి లేపి, కొక్కేనికి చేర్చాలి. అయిదు కిలోల సంచిని గడ చివర నిలబెట్టి కొక్కేనికి గురి పెట్టేటప్పుడు చేతులు వణుకుతాయి, గడ అటూఇటూ ఊగుతుంది, కింద ఉన్నవాళ్లు ‘ఎడమకి, ఎడమకి’ అని అరుస్తుంటారు. టూత్‌పేస్టు, సబ్బు, లిప్‌బామ్ కూడా ఆ సంచిలోకే. టెంటులో వాసన వేసేది ఏదీ ఉండకూడదు. నిజానికి ఎలుగు కన్నా ఎక్కువ నష్టం చేసేవి ఉడుతలూ, చిట్టెలుకలూ. ముందుగా రేంజర్ ఆఫీసులో దాచుకునే తిండి కూడా గట్టి ప్లాస్టిక్ బకెట్‌లో, బిగుతు మూతతో ఉండాలని పార్కు పట్టుబట్టేది వాటి వల్లే. మంటలు వేయడం పూర్తిగా నిషేధం. చిన్న గ్యాస్ స్టవ్వే గతి. గ్యాస్ డబ్బాను విమానంలో తీసుకెళ్లకూడదు కాబట్టి అక్కడే కొనుక్కోవాలి.

నీళ్లకు కరువు లేదు, కానీ ఏ నీళ్లన్నదే ప్రశ్న. గ్లేసియర్ నుంచి వచ్చే నదులు పాలు కలిపినట్టు తెల్లగా పారతాయి. రాయిని మంచు నూరిన పొడి అది. ఫిల్టరులోకి వెళ్లిందంటే రెండు రోజుల్లో మూసుకుపోతుంది. పక్క నుంచి వచ్చే తేట వాగుల్లో పట్టుకోవాలి, పట్టుకున్నా ఫిల్టర్ చేయకుండా తాగకూడదు. ఆ నదులకే ఇంకో అలవాటు ఉంది. ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి, మధ్యాహ్నానికి నీరు పొంగుతుంది. దుంగల వంతెనలు కొట్టుకుపోతుంటాయి, రేంజర్లు మళ్లీ వేస్తుంటారు. నది దాటాల్సిన రోజున పొద్దున్నే దాటేలా రాసుకోవాలి. లోయలో ఉండగా రైలు వస్తున్నట్టు నేల అదిరే శబ్దం వినిపిస్తే ఫొటో కోసం ఆగొద్దు. నదికి కనీసం 200 అడుగుల ఎత్తుకు గట్టు ఎక్కేయాలి. రేనియర్ ఇంకా సజీవ అగ్నిపర్వతం. దాని బురద ప్రవాహాలు పూర్వం ఇప్పుడు ఊళ్లున్న చోట్లను దాటి వెళ్లాయి.

ఎత్తు అంటే మనకు ముందు గుర్తొచ్చేది ఊపిరాడకపోవడం. ఈ దారి 2,100 మీటర్లు దాటదు కాబట్టి ఆ బెంగ లేదు. భయపడాల్సింది తడికి. పసిఫిక్ మీద నుంచి వచ్చే మబ్బు ఆగస్టులో కూడా రెండు రోజులు వదలకుండా కురుస్తుంది. పది డిగ్రీల చలిలో తడిసిన కాటన్ టీషర్టు, జీన్స్ ఒంటి వేడినంతా లాగేస్తాయి. మాట తడబడుతున్నా, చేతులు గుండీ పెట్టుకోలేకపోతున్నా అది ఒట్టి అలసట అనుకోకూడదు. కాటన్ బట్ట ఒక్కటీ వద్దు. పడుకునేటప్పుడు వేసుకునే పొడి జత ఎట్టి పరిస్థితిలోనూ నడకకు వాడొద్దు.

బయల్దేరే ముందు కాళ్లను పరీక్షించుకోవడానికి సియాటెల్ దగ్గర మౌంట్ సై ఉంది. రానూపోనూ ఎనిమిది మైళ్లు, 3,150 అడుగుల ఎక్కుడు. నిండు బరువు మూటతో శని, ఆదివారాలు వరసగా రెండు రోజులు అది ఎక్కి దిగి, సోమవారం పొద్దున మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు ఏమంటున్నాయో వినండి. ఒక్క శనివారం ఎక్కి ఫొటో పెట్టడం పరీక్ష కాదు.

ఇక ఇక్కడ, మన ఊళ్లలో ఉండి ఇది చదువుతున్న అమ్మానాన్నలకు ఒక మాట. మీ అబ్బాయో అమ్మాయో ‘పది రోజులు ఫోన్ కలవదమ్మా, కొండ చుట్టూ నడవబోతున్నాం’ అంటే గాభరా పడకండి, వద్దనీ అనకండి. ఒక కాగితం అడగండి. ఏ రాత్రి ఏ క్యాంపు, పర్మిట్ నంబరెంత, ఏ రోజు ఎన్నింటికి బయటికి వస్తారు, ఆ వేళ దాటితే అక్కడ ఎవరు పార్కుకు ఫోన్ చేస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. సెల్ టవర్ లేనిచోట పనిచేసే శాటిలైట్ మెసేజ్ పరికరం తీసుకెళ్తున్నారో లేదో కూడా అడగండి, ఇప్పుడవి అరచేతిలో ఇమిడిపోతాయి. ఆ కాగితం చేతికి ఇవ్వగలిగినవాళ్లు ప్లాన్ వేసుకున్నట్టే. ఇవ్వలేనివాళ్లను వచ్చే ఏడాది వెళ్లమనండి.